ఇంద్రకీలాద్రి నీడలో ఇంటి నవరాత్రులు: కలశ స్థాపన నుంచి ఉద్వాసన వరకు

ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి వచ్చిందంటే విజయవాడలో ఇద్దరు కలుసుకున్న చోటల్లా ముందుగా వినిపించే మాట "ఇవాళ అమ్మవారి అలంకారం ఏమిటండీ?" అన్నదే. కొండ మీద కనకదుర్గమ్మ ఆ రోజు ఏ రూపంలో దర్శనమిస్తుందో దాన్ని బట్టే కింద ఇళ్ళలో నైవేద్యం, చదివే అష్టోత్తరం, కొందరి ఇళ్ళలో కట్టుకునే చీర రంగు కూడా నిర్ణయమవుతాయి. పెద్దవాళ్ళు ఉన్న ఇళ్ళలో ఈ పద్ధతి చూస్తూ నేర్చుకున్నదే గనక ఎవరికీ చెప్పవలసిన పని ఉండదు. కొత్తగా కాపురం పెట్టినవారు, పెద్దలకు దూరంగా ఫ్లాట్లలో ఉంటూ ఉద్యోగాలు చేసుకునేవారు మొదటిసారి కలశం నిలపాలనుకున్నప్పుడు మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో, ఎంతవరకు చేయాలో తెలియక తడబడతారు. ఈ మార్గదర్శి వారి కోసం రాసినది.

తొమ్మిది రాత్రుల పూజ ఈ ఋతువులోనే ఎందుకన్నదానికి దేవీ భాగవతం మూడవ స్కంధంలో వ్యాసుడు జనమేజయుడికి ఒక కారణం చెబుతాడు. వసంతం, శరత్తు అనే రెండు ఋతువులు ప్రాణులకు యమదంష్ట్రల వంటివని, రోగాలు ప్రబలే ఆ కాలాల్లో దేవిని అర్చించి రక్షణ కోరాలని ఆయన మాట. అందుకే చైత్రంలో వసంత నవరాత్రులు, ఆశ్వయుజంలో శరన్నవరాత్రులు ఏర్పడ్డాయి. వానలు వెనకబడి, దోమలు, జ్వరాలు ముసురుకునే ఈ నెలల్లో కృష్ణా తీరాన ఉండేవారికి ఆ మాటలోని సత్యం విడమరచి చెప్పనక్కరలేదు. ఇల్లు శుభ్రం చేసుకోవడం, ఆహారం తగ్గించడం, వేళకు నిద్ర లేవడం వంటి నియమాలన్నీ ఈ పూజలో భాగం కావడం కూడా అందుకు తగినట్టే ఉంది.

సంకల్పానికి ముందు తేల్చుకోవలసినవి

నవరాత్రుల పూజలో అన్నిటికన్నా బరువైనది సంకల్పం. "ఇన్ని రోజులు, ఈ విధంగా నిన్ను అర్చిస్తాను" అని అమ్మవారి ముందు నీళ్ళు విడిచి చెప్పిన మాటను దశమి దాకా నిలబెట్టుకోవాలి. కాబట్టి ఎంత చేయగలరో అంతే సంకల్పించుకోండి, సంకల్పించుకున్నదాన్ని మాత్రం ఉద్వాసన వరకు, అంటే చివర అమ్మవారిని సాగనంపేదాకా, తీసుకువెళ్ళండి. మొదటి రోజు ఉత్సాహంలో అఖండ దీపం, సప్తశతీ పారాయణ, రోజుకు మూడు పూటలా పూజ అన్నీ తలకెత్తుకుని నాలుగో రోజుకు అలసిపోవడం కన్నా, ఒక్క పూట దీపం, అష్టోత్తరం, చిన్న నైవేద్యంతో తొమ్మిది రోజులూ తప్పకుండా చేయడమే మేలని నా దృఢమైన అభిప్రాయం.

తొమ్మిది రోజులూ వీలు కాని వారికి శాస్త్రమే వెసులుబాటు ఇచ్చింది. సప్తమి, అష్టమి, నవమి ఈ మూడు రోజులూ చేస్తే తొమ్మిది రోజులు చేసిన ఫలమని దేవీ భాగవతం చెబుతుంది. మూలా నక్షత్రం నాడు మొదలుపెట్టి దశమికి ముగించే ఇళ్ళు కూడా మన వైపు చాలా ఉన్నాయి. ఈ మూడు రోజుల పద్ధతి రెండు జిల్లాల మధ్య రోజూ తిరిగే ఉద్యోగులకు బాగా సరిపోతుంది.

ఇంటి ఆనవాయితీని తప్పక కనుక్కోవాలి. కొన్ని వంశాల్లో కలశం పెట్టే ఆచారం లేదు, పటానికే పూజ చేస్తారు. అటువంటి ఇళ్ళలో కొత్తగా కలశం పెట్టదలిస్తే అత్తగారినో, మేనత్తనో, ఇంటి పురోహితుణ్ణో ముందుగా అడగడం మర్యాద. పురుడు గాని మైల గాని ఉన్నప్పుడు కలశ స్థాపన చేయరు. పూజ మధ్యలో స్త్రీలకు దూరంగా ఉండవలసిన రోజులు వస్తే ఇంట్లో మరొకరు కొనసాగించడం ఆచారం కాబట్టి, సంకల్పం చెప్పుకునేటప్పుడే భార్యాభర్తలిద్దరూ కలిసి కూర్చోవడం మంచిది.

ఉపవాసం సంగతి కూడా ముందే నిర్ణయించుకోవాలి. పగలు ఒక్కపూట భోజనం చేసి రాత్రి ఫలాహారం తీసుకోవడం ఏకభుక్తం, పగలంతా ఉండి చీకటి పడ్డాక భోంచేయడం నక్తం. ఈ రెండిటిలో ఏదైనా చేయవచ్చు. మధుమేహం ఉన్నవారు, గర్భిణులు, వేళకు మందులు వేసుకోవలసిన పెద్దలు ఉపవాసం జోలికి వెళ్ళకుండా ఉల్లి, వెల్లుల్లి మానేసి సాత్వికాహారం తీసుకుంటే చాలు. శరీరాన్ని బాధించి చేయమని అమ్మవారు ఎవరినీ అడగదు.

స్థలం, సామగ్రి

బూజులు దులపడం, పటాలు తుడవడం, పూజ సామాన్లు తోమడం వంటి పనులన్నీ మహాలయ అమావాస్యకు ముందే ముగించుకోవాలి. అమావాస్య రోజు పితృకార్యానిది, ఆ రోజు ఇల్లంతా తిరగవేసుకుని కూర్చోకూడదు. పూజకు ఈశాన్యం మూల శ్రేష్ఠం. ఫ్లాట్లలో అది కుదరనప్పుడు అమ్మవారు తూర్పు ముఖంగా ఉండేలా హాలులో ఒక గోడ వారగా పీట వేసుకోవచ్చు. ఫ్యాను గాలి నేరుగా తగలని చోటు, కర్టెన్లకు దూరంగా ఉన్న చోటు చూసుకోవాలి.

సామగ్రి జాబితా పెద్దదిగా కనిపించినా అందులో చాలావరకు వంటింట్లో ఉండేవే. రాగి, ఇత్తడి లేదా వెండి చెంబు, పీచు తీయని కొబ్బరికాయ, ఐదు మామిడాకులున్న కొమ్మ, కొత్త రవికె గుడ్డ, పసుపు, కుంకుమ, గంధం, అక్షతలు, తమలపాకులు, వక్కలు, ఖర్జూరాలు, అగరువత్తులు, కర్పూరం, నువ్వుల నూనె లేదా ఆవునెయ్యి, వత్తులు ఉంటే పూజ సాగుతుంది. విజయవాడ వన్‌టౌన్‌లో పాడ్యమికి ముందు రెండు రోజులూ పూలు, మామిడాకులు, అరటి పిలకలు గుట్టలుగా దిగుతాయి, ధరలు మాత్రం రోజురోజుకూ పెరుగుతూ మూలా నక్షత్రానికి బాగా మండిపోతాయి. కొబ్బరికాయలు, వక్కలు, కుంకుమ వంటి నిలవ ఉండేవాటిని ముందే తెచ్చుకుని, పూలు మాత్రం ఏ రోజుకారోజు తెచ్చుకోండి. పెరట్లో పూసిన నాలుగు మందారాలు బజారు దండ కన్నా తక్కువేమీ కాదు.

పాడ్యమి నాటి కలశ స్థాపన

సూర్యోదయానికి పాడ్యమి ఉన్న రోజున, అమావాస్య ఘడియలు పూర్తిగా వెళ్ళాక కలశం నిలపాలి. చిత్తా నక్షత్రం, వైధృతి యోగం ఉన్న సమయాన్ని వదిలిపెట్టమని శాస్త్రం. ఆ రెండూ ఉదయమంతా ఆక్రమించుకున్న సంవత్సరాల్లో మధ్యాహ్నం అభిజిత్ ముహూర్తంలో స్థాపన చేస్తారు. వేళ కోసం మన ప్రాంతపు పంచాంగాన్నే చూడాలి.

పీటకు పసుపు రాసి, వరిపిండితో అష్టదళ పద్మం ముగ్గు వేసి, దాని మీద పళ్ళెంలో బియ్యం పోయాలి. చెంబుకు బయట పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, మెడకు పసుపు దారం చుట్టాలి. అందులో ముప్పాతిక వంతు నీళ్ళు పోసి, చిటికెడు పసుపు, కుంకుమ, గంధం, అక్షతలు, ఒక పువ్వు, ఒక వక్క, ఒక నాణెం వేయాలి. నీళ్ళు మరీ అంచుదాకా పోస్తే మామిడాకుల కాడలు దిగగానే పొర్లి పళ్ళెంలోని బియ్యం తడుస్తాయి. తడిసిన బియ్యం మూడో రోజుకు వాసన వేస్తాయి గనక ఇక్కడ కొంచెం జాగ్రత్త అవసరం. మామిడాకులు కొసలు బయటికి, కాడలు లోపలికి వచ్చేలా చుట్టూ అమర్చి, కొబ్బరికాయకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పీచు పిలక పైకి ఉండేలా నిలపాలి. కాయ అటూ ఇటూ కదలకుండా కూర్చుందో లేదో ఒకసారి చూసుకున్నాకే రవికె గుడ్డను కిరీటంలా మడిచి పైన పెట్టాలి. కలశం వెనక దుర్గాదేవి పటాన్ని గాని విగ్రహాన్ని గాని ఉంచవచ్చు. ఒకసారి ప్రాణప్రతిష్ఠ చేశాక ఉద్వాసన వరకు కలశాన్ని కదపకూడదు. అందుకే పసిపిల్లలున్న ఇళ్ళలో పీట బదులు కాస్త ఎత్తైన బల్ల వాడడం మంచిది.

ఆచమనం, ప్రాణాయామం అయ్యాక సంకల్పం చెప్పుకోవాలి. ఇక్కడ మన ఊరికి సంబంధించిన ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. సంకల్పంలో మనం కూర్చున్న చోటును నదుల మధ్య గుర్తించి చెబుతాం. విజయవాడ కృష్ణకు ఉత్తరపు గట్టున ఉంది కాబట్టి "శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోర్మధ్యదేశే" అంటాము. ప్రకాశం బ్యారేజీ దాటి తాడేపల్లిలోనో, మంగళగిరిలోనో, గుంటూరులోనో ఉన్నవారు "కృష్ణా కావేర్యోర్మధ్యదేశే" అనాలి. యూట్యూబులో ఎవరో చదివిన సంకల్పాన్ని ఉన్నదున్నట్టు చెప్పుకుంటే వాళ్ళ ఊరు మన ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది. తర్వాత సంవత్సరం పేరు (2025లో విశ్వావసు, 2026 ఉగాది నుంచి పరాభవ), దక్షిణాయనం, శరదృతువు, ఆశ్వయుజ మాసం, శుక్ల పక్షం, తిథి, వారం, గోత్రనామాలు చెప్పి నీళ్ళు విడవాలి. సంస్కృతం పలకడం కష్టమైతే ఇదంతా తెలుగులోనే, మీ ఇంటి చిరునామా తల్లికి చెప్పుకున్నట్టు చెప్పుకోవచ్చు.

ఆ తర్వాత పసుపు గణపతిని చేసి పూజించి, కలశంలోకి అమ్మవారిని ఆవాహన చేసి, షోడశోపచారాలు చేయాలి. ఆసనం, పాద్యం, అర్ఘ్యం, స్నానం, వస్త్రం, గంధం, పుష్పం మొదలుకొని నీరాజనం, మంత్రపుష్పం వరకు ఉన్న ఆ పదహారు ఉపచారాల సారాంశం ఒక్కటే: ఇంటికి వచ్చిన పెద్ద ముత్తైదువకు మనం ఏమేమి చేస్తామో వరసగా అవే చేయడం. ఆ భావం మనసులో ఉంటే వరస తప్పదు.

అఖండ దీపం గురించి ఒక హెచ్చరిక చేయాలి. పగలూ రాత్రీ ఎవరో ఒకరు ఇంట్లో ఉండే వీలుంటేనే అఖండ దీపాన్ని సంకల్పించుకోవాలి. లోతైన ప్రమిద, లావుపాటి వత్తి, చుట్టూ గాజు చిమ్నీ, కింద ఇసుక పోసిన పళ్ళెం ఏర్పాటు చేసుకుని, వత్తి సరిచేసేటప్పుడు ఆరిపోకుండా ముందుగా పక్కన చిన్న దీపం వెలిగించుకోవాలి. అందరూ ఉదయం తాళం వేసి వెళ్ళిపోయే ఇంట్లో అఖండ దీపం వద్దు. ఉదయం, సాయంత్రం వెలిగించిన దీపం చాలు.

ప్రతి రోజూ

మొదటి రోజు తర్వాత నిత్యపూజకు ముప్పావు గంట సరిపోతుంది. నిర్మాల్యం, అంటే ముందు రోజు పూజించిన పూలు తీసి, కొత్త పూలు పెట్టి, దీపం వెలిగించి, ఆ రోజు అలంకారానికి సంబంధించిన అష్టోత్తరంతో కుంకుమార్చన చేయాలి. కుంకుమను బొటనవేలు, మధ్యవేలు, ఉంగరపు వేలు కలిపి పట్టుకుని, ఒక్కొక్క నామానికి కొద్ది కొద్దిగా వేయాలి. చూపుడు వేలు తగలకూడదు. తమలపాకులో అమ్మవారి చిన్న రూపును గాని రూపాయి నాణేన్ని గాని పెట్టి దాని మీద వేస్తే అర్చించిన కుంకుమ చెదరకుండా ఒకచోట ఉంటుంది, తర్వాత భరిణెలో ఎత్తుకోవడం తేలిక. ఏడాది పొడుగునా నుదుట పెట్టుకునేది ఆ కుంకుమే. పూజ కుంకుమ విషయంలో ధర చూడకుండా పసుపుతో చేసిన అసలు కుంకుమే కొనండి. రంగు పొడులు వేళ్ళకు అంటుకుని రెండు రోజులు వదలవు, చర్మానికీ మంచివి కావు.

పారాయణ చేయదలచినవారికి దుర్గా సప్తశతి ప్రధానమైనది. మార్కండేయ పురాణంలోని 13 అధ్యాయాలు, 700 మంత్రాలు అది. రాజ్యం పోగొట్టుకున్న సురథుడు, ఇంటివారే వెళ్ళగొట్టిన సమాధి అనే వైశ్యుడు అడవిలో మేధా మహర్షిని కలిసి దేవి కథ విని, చివరికి నది ఇసుకతిన్నె మీద మట్టితో దేవి మూర్తిని చేసి మూడేళ్ళు ఆరాధిస్తారు. తొమ్మిది రోజుల్లో చదవడానికి మొదటి రోజు 1, రెండో రోజు 2 నుంచి 4, మూడో రోజు 5, 6, నాలుగో రోజు 7, ఐదో రోజు 8, ఆరో రోజు 9, 10, చివరి మూడు రోజుల్లో 11, 12, 13 అధ్యాయాలు అనే విభజన వాడుకలో ఉంది. అధ్యాయం మధ్యలో ఆపకూడదన్నది దీని ముఖ్య నియమం. అయితే సప్తశతిని తొమ్మిది అక్షరాల నవార్ణ మంత్రంతో కలిపి చదవడానికి గురూపదేశం ఉండాలని పెద్దలు అంటారు. ఉపదేశం లేనివారు లలితా సహస్రనామం, దుర్గా అష్టోత్తరం, దేవీ భాగవత కథలను తెలుగు వచనంలో చదువుకోవచ్చు. పిల్లల్ని కూర్చోబెట్టుకుని రోజుకొక కథ చదివి వినిపించడం అన్నిటిలోకీ నాకు ఇష్టమైన పద్ధతి.

కొండ మీది అలంకారం, ఇంటి నైవేద్యం

ఇంద్రకీలాద్రి మీద అమ్మవారిని బాలాత్రిపురసుందరి, గాయత్రి, అన్నపూర్ణ, లలితాత్రిపురసుందరి, మహాచండి, మహాలక్ష్మి, సరస్వతి, దుర్గ, మహిషాసురమర్దిని, రాజరాజేశ్వరి రూపాల్లో అలంకరిస్తారు. ఈ వరస ఏటా ఒకేలా ఉండదు. ఒకప్పుడు తొలిరోజు స్వర్ణకవచాలంకృత దుర్గగా దర్శనమిచ్చేవారు, ఇటీవలి సంవత్సరాల్లో బాలాత్రిపురసుందరితో మొదలవుతోంది. 2024లో అక్టోబరు 3 నుంచి 12 వరకు పది రోజులు జరిగితే, 2025లో ఒక తిథి పెరగడం వల్ల సెప్టెంబరు 22 నుంచి అక్టోబరు 2 వరకు పదకొండు రోజులు వచ్చి, కాత్యాయని అలంకారం అదనంగా చేరింది. కాబట్టి పాత పట్టికను నమ్ముకోకుండా, దేవస్థానం ఆ ఏడు ప్రకటించిన వరసనే గోడకు అంటించుకోండి.

నైవేద్యాల్లో ఇంటింటికీ తేడా ఉంటుంది. మన వైపు ఎక్కువ ఇళ్ళలో బాలకు బెల్లం పరమాన్నం, గాయత్రికి పులిహోర లేదా కొబ్బరన్నం, అన్నపూర్ణకు అల్లం గారెలు, మహాలక్ష్మికి క్షీరాన్నం, సరస్వతికి దద్ధోజనం, దుర్గకు కూరగాయలన్నీ వేసి వండే కదంబం, మహిషాసురమర్దినికి చక్కెర పొంగలి, రాజరాజేశ్వరికి లడ్డూలు, పరమాన్నం పెడతారు. ఏ రోజుది ఆ రోజు వండడం కుదరకపోతే అరటిపండ్లు, పటిక బెల్లం, వడపప్పు, పానకం, వేడి పాలు ఏదైనా నైవేద్యమే.

వంటలో ఒక మెలకువ చెబుతాను. నైవేద్యాన్ని రుచి చూడకూడదు గనక కొత్తగా వండేవారికి ఉప్పు, పులుపు దగ్గరే భయం ఉంటుంది. పండుగకు వారం ముందు ఆ వంటకాన్ని మామూలుగా ఒకసారి చేసుకుని, ఎన్ని గ్లాసుల బియ్యానికి ఎంత చింతపండు, ఎన్ని చెంచాల ఉప్పు సరిపోయిందో కాగితం మీద రాసి పెట్టుకోండి. పులిహోరకు చింతపండు గుజ్జును ముందురోజు రాత్రే మడిగా ఉడికించి ఉంచుకుంటే, తెల్లవారి అన్నం వార్చి పోపు కలపడమే మిగులుతుంది. గారెల పప్పు మాత్రం అప్పటికప్పుడు రుబ్బుకోవాలి, ముందు రుబ్బి ఉంచిన పిండి నూనె పీలుస్తుంది.

మూలా నక్షత్రం

నవరాత్రుల్లో తిథిని బట్టి కాకుండా నక్షత్రాన్ని బట్టి నిర్ణయమయ్యే రోజు ఇదొక్కటే. 2024లో అక్టోబరు 9న, 2025లో సెప్టెంబరు 29న వచ్చింది. అమ్మవారి జన్మనక్షత్రంగా భావించే ఈ రోజున కొండ మీద సరస్వతీ అలంకారం, రాష్ట్ర ప్రభుత్వం తరఫున ముఖ్యమంత్రి పట్టువస్త్రాలు సమర్పించడం ఆనవాయితీ. ఇంట్లో పీట మీద తెల్లని వస్త్రం పరచి పిల్లల పుస్తకాలు, కలాలు, సంగీతం నేర్చేవారి వీణ, వయొలిన్ వంటివి ఉంచి, తెల్లని పూలతో పూజించాలి. పిల్లలకు అక్షరాభ్యాసం చేయించదలిస్తే పళ్ళెంలో బియ్యం పోసి, బిడ్డను తండ్రి ఒడిలో గాని మేనమామ ఒడిలో గాని కూర్చోబెట్టి, వేలు పట్టి "ఓం నమః శివాయ సిద్ధం నమః" రాయించాలి. బిడ్డ ఏడిస్తే బలవంతం చేయకుండా కాసేపు ఆగి మళ్ళీ కూర్చోబెట్టండి, ముహూర్తం గడువు సాధారణంగా అంత ఇరుకుగా ఉండదు.

కొండకు వెళ్ళేటప్పుడు

ఇంట్లో కలశం పెట్టినవారు ఈ రోజుల్లో ఒక్కసారైనా అమ్మవారి దర్శనం చేసుకోవాలనుకుంటారు. ఆ కొండ మహిమ తెలిసి ఎక్కితే క్యూలో గడిచే గంటలు భారమనిపించవు. కీలుడనే యక్షుడు అమ్మవారిని తన మీద నివసించమని తపస్సు చేసి కొండగా మారాడని, మహిషాసురుణ్ణి వధించిన తల్లి అక్కడ వెలిస్తే ఇంద్రాదులు వచ్చి కొలిచారని, అందుకే అది ఇంద్రకీలాద్రి అయిందని స్థలపురాణం. అర్జునుడు పాశుపతాస్త్రం కోసం తపస్సు చేసింది ఇక్కడేనని, బ్రహ్మ మల్లెపూలతో అర్చించడం వల్ల శివుడు మల్లేశ్వరుడయ్యాడని, ఆదిశంకరులు శ్రీచక్రాన్ని ప్రతిష్ఠించారని నమ్మకం. మాధవవర్మ అనే రాజు తన కొడుకు రథం కింద పడి ఒక బిడ్డ చనిపోతే కొడుకుకే మరణశిక్ష వేశాడని, ఆ ధర్మనిష్ఠకు మెచ్చి అమ్మవారు కనకవర్షం కురిపించిందని మరో కథ. న్యాయం చెప్పే చోట కన్నబిడ్డనైనా చూడని రాజును మెచ్చిన దేవత మన దేవత అని పిల్లలకు ఈ కథ తప్పక చెప్పాలి. కృష్ణమ్మ పొంగి ఒకనాటికి దుర్గమ్మ ముక్కుపుడకను తాకుతుందన్న మాట వరద వచ్చిన ప్రతిసారీ ఊళ్ళో వినిపిస్తూనే ఉంటుంది.

మూలా నక్షత్రం నాడు, చివరి రెండు మూడు రోజుల్లో రద్దీ అత్యధికం. ఎర్రని వస్త్రాలతో భవానీ మాలధారులు పెద్ద సంఖ్యలో చేరుకునేది ఆ చివరి రోజుల్లోనే. భవానీ దీక్షల ప్రధాన కాలం కార్తికంలో మొదలై మార్గశిరంలో ఇరుముడి సమర్పణ, గిరిప్రదక్షిణలతో ముగిసినా, దసరాకు కూడా వారి రాక ఆగదు. వృద్ధులతో, పసిపిల్లలతో వెళ్ళేవారు తొలి మూడు నాలుగు రోజుల్లో తెల్లవారుజామున వెళ్ళడం సుఖం. ఉత్సవాల్లో ఘాట్ రోడ్డు మీదకు సొంత వాహనాలను అనుమతించరు. పండిట్ నెహ్రూ బస్టాండులో దిగి నడిచి వెళ్ళి, కెనాల్ రోడ్డులోని వినాయకుడి గుడి దగ్గర క్యూలో చేరడం అలవాటైన మార్గం. వినాయకుడికి దణ్ణం పెట్టుకుని కదలడం పూజలో పసుపు గణపతిని ముందు పూజించడానికి సరిగ్గా సరిపోతుంది. చెప్పులు ఇంట్లోనో బండిలోనో వదిలి, చిన్న నీళ్ళ సీసా, పెద్దవాళ్ళ మందులు, పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టుకుని వెళ్ళండి. నదీస్నానం చేయదలచినవారు ఘాట్లలో ఏర్పాటు చేసిన జల్లు స్నానాలనే వాడుకోవాలి, నీటి ఉద్ధృతి ఉన్నప్పుడు మెట్లు దిగవద్దు.

అష్టమి, నవమి

ఈ రెండు రోజుల్లో కుమారీ పూజ, సువాసినీ పూజ, ఆయుధ పూజ ముఖ్యం. కుమారీ పూజకు రెండు నుంచి పదేళ్ళ వరకు వయసున్న ఆడపిల్లలను పిలవాలి. రెండేళ్ళ పిల్ల కుమారి, మూడేళ్ళది త్రిమూర్తి, నాలుగేళ్ళది కల్యాణి, ఐదేళ్ళది రోహిణి, ఆరేళ్ళది కాళిక, ఏడేళ్ళది చండిక, ఎనిమిదేళ్ళది శాంభవి, తొమ్మిదేళ్ళది దుర్గ, పదేళ్ళది సుభద్ర అని దేవీ భాగవతం పేర్లు పెట్టింది. పాదాలు కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, గాజులు తొడిగి, భోజనం పెట్టి, గౌనో పుస్తకమో ఇచ్చి నమస్కరించాలి. మన పిల్లలతో పాటు పనిమనిషి కూతుర్ని, వాచ్‌మన్ కూతుర్ని కూడా అదే పీట మీద కూర్చోబెట్టి పూజించండి. అక్కడ తేడా చూపిస్తే మిగిలిన ఎనిమిది రోజుల పూజకూ అర్థం ఉండదు. సువాసినీ పూజలో ముత్తైదువలకు పసుపు, కుంకుమ, రవికె గుడ్డ, తాంబూలం ఇవ్వాలి.

ఆయుధ పూజలో ఎవరి వృత్తికి సంబంధించిన పనిముట్లు వారు పూజిస్తారు. బండి, కుట్టుమిషను, కత్తిపీట, కంప్యూటరు అన్నిటికీ బొట్టు పెట్టవచ్చు. కంప్యూటరు మీద పసుపు నీళ్ళు చల్లకుండా పువ్వు పెడితే చాలు.

బొమ్మల కొలువు కోస్తాలో సంక్రాంతికి పెట్టేవారే ఎక్కువ. దసరాకు పెట్టే ఇళ్ళలో మెట్లు మూడు, ఐదు, ఏడు ఇలా బేసి సంఖ్యలో ఉండాలి. ఊరికి దగ్గర్లోనే తెల్లపొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మలు దొరుకుతాయి గనక దశావతారాలో, అంబారీ ఏనుగో ఏడాదికొకటి కొని కొలువును పెంచుకోవచ్చు.

విజయదశమి, ఉద్వాసన

దశమి ఉదయం యథావిధిగా పూజ, మహానివేదన చేసి, క్షమాప్రార్థన చెప్పుకుని, "యథాస్థానం ప్రవేశయామి" అంటూ అక్షతలు వేసి కలశాన్ని ఉత్తరం వైపు కొద్దిగా కదపాలి. మంగళ, శుక్రవారాల్లో అమ్మవారిని కదపని ఆచారం ఉన్న ఇళ్ళలో దశమి ఆ వారం వస్తే మరునాడు ఉద్వాసన చెబుతారు.

సాయంత్రం శమీపూజ. అజ్ఞాతవాసానికి ముందు పాండవులు తమ ఆయుధాలను విరాటనగరం వెలుపల జమ్మిచెట్టు మీద దాచి, ఏడాది తర్వాత తిరిగి తీసుకున్నారన్నది ఈ పూజకు ఆధారం. చెట్టు మొదట్లో నీళ్ళు పోసి, బొట్టు పెట్టి, "శమీ శమయతే పాపం శమీ శత్రువినాశినీ, అర్జునస్య ధనుర్ధారీ రామస్య ప్రియదర్శినీ" అని చదువుతూ ప్రదక్షిణ చేయాలి. ఈ శ్లోకాన్ని, కింద ఇంటిల్లిపాది పేర్లనూ కాగితం మీద రాసి కొమ్మకు కట్టడం మన వైపు ఆచారం. చీటీ పిల్లల చేత రాయించండి, ఇంటిపేరు, గోత్రం వాళ్ళకు అలాగే వస్తాయి. కొమ్మలు విరవకుండా రాలిన ఆకునో, కోసిన ఒక్క రెబ్బనో ఇంటికి తెచ్చుకోవాలి. ఆ రోజు పాలపిట్ట కనబడితే శుభమని నమ్మకం. దాన్ని పంజరంలో పెట్టి డబ్బులకు చూపించేవారిని ప్రోత్సహించవద్దు, ఊరు దాటి పొలాల వైపు వెళితే కరెంటు తీగల మీద అదే కనిపిస్తుంది.

రాత్రి కృష్ణలో గంగా, దుర్గా సమేత మల్లేశ్వరస్వామి వారి తెప్పోత్సవం. దుర్గాఘాట్ దగ్గర హంసవాహనం మీద ఉత్సవమూర్తులను విహరింపజేస్తారు. నదిలో ప్రవాహం ఎక్కువగా ఉన్న ఏళ్ళలో వాహనాన్ని గట్టు దగ్గరే నిలిపి పూజలు చేస్తారు కాబట్టి, ఊరి బయటి నుంచి దీనికోసమే వచ్చేవారు ముందుగా కనుక్కుని బయలుదేరాలి.

కలశం విప్పాక అందులోని నీటిని మామిడాకుతో ఇల్లంతా చల్లి, మిగిలినది తులసిలో గాని మొక్కల్లో గాని పోయాలి. పళ్ళెంలోని బియ్యంతో పరమాన్నం వండి ఇంటివారంతా తినాలి. కొబ్బరికాయను ప్రసాదంగా వాడుకోవడం, బ్రాహ్మణుడికి ఇవ్వడం రెండు ఆచారాలూ ఉన్నాయి, మీ ఇంటి పద్ధతి చూసుకోండి. రవికె గుడ్డ ఇంటి ఆడపడుచుకు ఇవ్వవచ్చు. తొమ్మిది రోజుల పూలు, ఆకులు ప్లాస్టిక్ కవర్లో కట్టి కృష్ణలోనో, బందరు కాలువలోనో, ఏలూరు కాలువలోనో విసరడం పుణ్యం కాదు. ఏ నదిని పేరు పెట్టి సంకల్పం చెప్పుకున్నామో ఆ నదినే పాడు చేసినట్టవుతుంది. ఒక పాత కుండీలో మట్టితో కలిపి పోసి మూత పెట్టి, అప్పుడప్పుడు కాసిని నీళ్ళు చల్లి కలియబెడుతూ ఉంటే అది మొక్కలకు ఎరువుగా మారుతుంది. కలశంలోని నాణేన్ని ఖర్చు చేయకుండా బీరువాలో దాచి, అర్చన కుంకుమను తడి తగలని భరిణెలో ఎత్తి పెట్టుకోవాలి.